‘మ’ కింద గడి

బావా,

రేపు నీ సంవత్సరీకం. ఫ్లెక్సీ కోసం విజయనగరంలో షాపుకెళ్లాను. ‘సోమయ్య’ అని నీ పేరు, పాత వీడియో గేముల్లోలా లావుపాటి గళ్ల అక్షరాల్లో తెర మీదకొచ్చింది. మూడేళ్లు గళ్ల కాగితాల మీద మనిద్దరం నింపిన అక్షరాలవి.

“ఇది మీ బావగారి ఫాంటే కదేటి? తయారుసేసినోరి కాడ ఆయన పేరొక్కటే ఉన్నాది,” అంది షాపావిడ, ఫాంటు వివరాలు చూసి.

ఒక్కడినే చేశానని చెప్పుకోవడానికి నీకు నోరెలా వచ్చింది?

“ఇదేటండీ, ‘మ’ కింద ఓ గడి ఎక్కువున్నాది? తీసీమంటారేటి?”

కాగితం మీది టీ మరకను నింపిన గడనుకుని కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. నా పేరు తీసేసినవాడివి, దాన్నెలా వదిలేశావు?

“ఉంచీయమ్మా,” అన్నాను. “నేను సేసానని సెప్పడానికి అదొక్కటే మిగిలింది.”