గుంట తప్పిన రాయి

చిలకలపూడి, బందరు
ఆదివారం మధ్యాహ్నం

ఒసే బిందూ,

నీ నంబరు బ్లాక్ చేశాను. తీస్తే ఓడిపోయినట్టు. అందుకని కాగితం మీద తిడుతున్నాను. నాగాయలంక బస్సు కండక్టరు విల్సన్ అన్న చేతికిస్తే మీ రొయ్యల షెడ్డు ముందే నీకిస్తానన్నాడు.

ఇన్నేళ్ళు ఒకే బల్లకి ఎదురుబొదురుగా కూర్చున్నాం. గిల్టు నగల్లో కూర్చడానికి ఒకే డబ్బాలో రాళ్ళు ఏరుకున్నాం. దసరాకి పిన్ని ఇంటికని వెళ్ళి, మళ్ళీ రానని గంగాధరరావుగారికి కబురు పెట్టావు. యజమానికి చెప్పావు. నాకు చెప్పలేదు. నీ పీట మీద ఎవరైనా కూర్చోబోతే "అది బిందుది" అని వారంపాటు లేపేశాను. పిచ్చిదాన్ని.

తర్వాత ఏం జరిగిందో విను. గంగాధరరావుగారు పిలిచి, "నీ డిజైన్ల మీదే రెండు సీజన్లు బతికాం వెన్నెలమ్మా. ఇంక నువ్వు రాళ్ళు కూర్చడమేంటి? ఏసీ గదిలో కూర్చో. పని చెయ్యక్కర్లేదు, ఆలోచించు చాలు" అన్నారు. పగవాళ్ళకి కూడా వద్దే ఆ ఉద్యోగం. తెల్లకాగితాలు, రంగు పెన్సిళ్ళు, తిరిగే కుర్చీ. ఆ కుర్చీలో తిరగడం తప్ప ఇంతవరకూ నేను చేసింది లేదు.

చెయ్యని ప్రయత్నం కూడా లేదు. స్ఫూర్తి రావాలంటే తెల్లవారుజామున సముద్రం చూడాలని ఫోన్లో ఒకాయన చెప్పాడు. మంగినపూడి వెళ్ళాను. నేను సముద్రాన్ని చూశాను, సముద్రం నన్ను చూసింది, ఇద్దరికీ ఏమీ తోచలేదు. ఇంకొకావిడ మనసు ఖాళీ చేసుకోమంది. చేసుకున్నాను, అలాగే ఖాళీగా ఉండిపోయింది. పది తప్పినదాన్ని, లైబ్రరీకి పోయి లావుపాటి పుస్తకాలు కూడా చదివాను. స్ఫూర్తి చుట్టంలాంటిదట, పిలిస్తే రాదట, తలుపు తీసి పెట్టుకుని ఉండాలట. మా గది తలుపు తీస్తే చల్లదనం పోతుందని గంగాధరరావుగారు కసురుకుంటారు.

గోడకి అవతలే మనం కూర్చున్న హాలు. మన పెద్దింట్లమ్మ రాళ్ళు కూరుస్తూ కోడల్ని తిట్టడం ఇక్కడికి వినిపిస్తుంది. నీకు గుర్తుందా, వానాకాలం రేకు కారుతుంటే బకెట్టు పెట్టి, ఆ టపటపకి తాళం వేస్తూ నువ్వు పాడేదానివి. కోనేరు సెంటర్ నుంచి బజ్జీలొస్తే నూనె చేత్తో రాయి ముట్టుకోకూడదని ఒకరికొకరం తినిపించుకునేవాళ్ళం. గమ్ము చుక్క, మైనం పుల్ల, పుల్ల కొసన రాయి, రాయి కూర్చునే గుంట. మళ్ళీ గమ్ము చుక్క. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నోళ్ళు వాటి పని చేసేవి. విసుగొచ్చేది. ఆ విసుగు ఎంత బాగుండేదో ఇప్పుడు తెలుస్తోంది.

అసలు సంగతి రాస్తాను. ఆ డిజైన్లు నావి కావు. నెలవంక చెవిబుట్టలు చూడు. పెద్ద గుంటలో చిన్న రాయి ఓ పక్కకి పెట్టి, మిగతా చోట సన్నటి వంక మెరిసేలా వదిలింది ఎవరు? నువ్వు. పెద్ద రాళ్ళు మెడ వెనక్కి, చిన్నవి ముందుకి వచ్చేలా హారం తిరగేసి కూర్చింది ఎవరు? నువ్వే. "ఉండు, తియ్యకు" అన్నాను నేను. అంతే నేను చేసింది. పేరు నాకొచ్చింది. నువ్వు పోయావు, నీతోపాటు అదీ పోయింది. అందుకే చెప్పకుండా వెళ్ళావు కదూ, నా మీద కడుపుమంటతో?

మాఘమాసం పెళ్ళిళ్ళకి కొత్త సెట్టు లేకపోతే రాజ్‌కోట్ నుంచి రెడీమేడ్ నగలు తెప్పించి అమ్ముతానంటున్నారు ఆయన. అదే జరిగితే హాల్లో సగంమందికి పనుండదు. రేపు కాక పై సోమవారం ఆయనతో చెప్పేస్తాను, డిజైన్లు బిందువి, నన్నొదిలేయండి, ఆమెని పిలిపించుకోండి అని.

కోపంతో,
వెన్నెల


నాగాయలంక
బుధవారం

కోపాలరాణికి,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించమని మా పిన్ని వసుంధర చేతికిచ్చాను. ఏసీ గది తలుపు దగ్గరికొచ్చేసరికి అందరూ పడి పడి నవ్వారు. పోనీలే, ఆ గదిలో కూర్చుని మమ్మల్ని నవ్వించే పనైనా చేశావు.

నేనే చదువుకోవచ్చు కదా అంటావు. చదవలేనే. ఇది కూడా ఎంత లావు అక్షరాలతో రాస్తున్నానో చూడు. నిరుటి ఎండాకాలం నుంచి నాకు దగ్గరి చూపు చెదిరిపోతోంది. కళ్ళజోడు పెట్టుకుంటే బస్సు బోర్డు కనిపిస్తుంది, రాయి మాత్రం రెండు రాళ్ళవుతుంది. కంటి నరం బలహీనమన్నారు డాక్టరు. ఇక్కడ రొయ్యల తలలు తీస్తున్నాను. దానికి కళ్ళక్కర్లేదు, వేళ్ళు చాలు.

నెలవంక నేను పెట్టానా? అది పెద్ద గుంటో చిన్న గుంటో నాకు కనబడితేగా! ఏ రాయి చేతికొస్తే అది పెట్టాను, అది జారి ఓ పక్కకి పోయింది. హారం తిరగేసింది కూడా అంతే, మొదలెటో చివరెటో తెలియక. నువ్వు తిట్టబోయావు. "ఏంటే ఇది, గుడ్డిదానా!" అన్నావు కూడా. నా చూపు సంగతి తెలిసిపోయిందేమో అనుకున్నాను. అంతలో చున్నీ కొస నములుతూ, దాన్ని అలా చూస్తూ ఉండిపోయావు. తర్వాత "ఉండు, తియ్యకు" అన్నావు. బతికిపోయాననుకున్నాను.

నాది తప్పే వెన్నెలా. హాల్లో ఎవరు చూసినా అది తప్పే. నువ్వొక్కదానివే దాన్ని ఇంకోలా చూశావు. వెతికి చూశావా అంటే అదీ కాదు. వెతికేటప్పుడు నువ్వు రాయిని తప్ప దేన్నీ చూసేదానివి కాదు. చేతులు పనిలో, నోరు నన్ను తిట్టడంలో ఉన్నప్పుడే నీకు కనబడేది. ఈ ముక్క నాకూ నీ ఉత్తరం విన్నాకే తట్టింది. తెల్లకాగితం మీద తప్పులేముంటాయే, నీకు కనబడటానికి?

చెప్పకుండా ఎందుకు వచ్చేశానంటే, చెబితే నా ట్రేలో రాళ్ళు కూడా నువ్వే కూర్చేదానివి. నీ కళ్ళు కూడా పోయేవి. ఇంక నన్ను పిలిపించమని ఆయనతో అనకు. అంటే ఊరుకోను.

నీ
బిందు


చిలకలపూడి
పుష్యమాసం ఆఖరి సోమవారం

ఒసే మొండిదానా,

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టిన తిట్లు రాస్తే విల్సన్ అన్న బస్సులో పట్టవు. కంటికి చూపు లేదని చెప్పడానికి నోటికేమైందే నీకు? వెంట్రుకవాసి జరిగిన రాయిని పట్టేసేదాన్ని, నువ్వు బుట్టని ముక్కుకి ఆనించుకుని చూడటం పట్టలేకపోయాను. ఆ మంట నా మీద నాకే. దాని సంగతి తర్వాత.

ఆ సోమవారం గంగాధరరావుగారి దగ్గరికెళ్ళి, "నేను హాల్లో రాళ్ళు కూర్చుకుంటానండీ, ఆలోచించను" అన్నాను.

"ఆలోచించకుండా డిజైన్ ఎలాగమ్మా?"

"తెలీదండీ. ఆలోచిస్తే రావట్లేదని మాత్రం తెలుసు."

ఆయన తల గోక్కుని, "సరే, పుష్యం వెళ్ళేదాకా చూస్తాను. ఆ తర్వాత నన్ననకు" అన్నారు.

పెద్దింట్లమ్మ పక్కన కూర్చున్నాను. "ఏమే డిజైనరమ్మా, కుర్చీ అరిగిపోయిందా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రోజులు గడిచాయి. ఏమీ రాలేదు బిందూ. అబద్ధం ఎందుకు, భయమేసింది. రాజ్‌కోట్ నుంచి శాంపిళ్ళు కూడా వచ్చి ఆఫీసులో కూర్చున్నాయి. కానీ మునుపటి విసుగు తిరిగొచ్చింది. ట్రేలు నిండాయి, పిల్లల ఫీజుల కబుర్లు, సీరియల్ కబుర్లు సాగాయి. నేను ఎదురుచూడటం మర్చిపోయాను.

పోయిన వారం పెద్దింట్లమ్మ కోడలి మీద మండిపడి, "పులుసులో ఉప్పు లేదని నన్నే అంటుందా!" అంటూ ఆ ఊపులో బుట్టకి కొక్కెం తలకిందులుగా అతికించేసింది. "ఏం చేశావు పెద్దమ్మా, సరుకు పాడైంది!" అని అరవబోయి ఆగిపోయాను. చున్నీ కొస నోట్లో ఉందో లేదో చూసుకోలేదు. బోర్లా వేలాడాల్సిన బుట్ట వెల్లకిలా, ఆకాశంకేసి నోరు తెరిచి ఉంది. దాని లోపల సన్నటి పూసలు పోస్తే? నడిచినప్పుడల్లా కదిలి చిన్నగా చప్పుడు చేస్తే?

"తియ్యకు" అన్నాను. పెద్దింట్లమ్మ, "తీస్తాలేవే, తప్పయిపోయింది, అరవకు" అంది. ఆమె చేతిలోంచి లాక్కుని, పూసలు పోసి, ఒలికిపోకుండా పైన జాలీ అతికించి ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

గంగాధరరావుగారు ముందు నవ్వారు, "ఇదేంటమ్మా, తిరగబడింది?" అని. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చెవి పక్కన ఊపుకుని విన్నారు. చాలాసేపు విన్నారు. గుడివాడ షాపువాళ్ళు ఫోటో చూసి ముందే ఆర్డరిచ్చారు. రాజ్‌కోట్ పెట్టె వెనక్కి వెళ్ళింది. హాల్లో అందరికీ మాఘమంతా చేతినిండా పని. ఎలా తట్టిందని అందరూ అడుగుతున్నారు. పెద్దింట్లమ్మ తప్పు చేసిందని చెబితే ఆమె రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నీ సంగతి. గురువారం సెలవు పెట్టాను. నిన్ను వెనక్కి రమ్మనడానికి కాదులే, బెంగపడకు. మీ షెడ్డులో నీ ఎదురుగా కూర్చుని రొయ్యల తలలు తీస్తాను. నాకు చేతకాదు, అన్నీ తప్పులే చేస్తాను. నువ్వు తిట్టు.

ఈ పొట్లంలో కొత్త బుట్ట ఒకటే ఉంది, ఎడమ చెవిది. వెలుగులో పెట్టి కళ్ళు చికిలించకు. వేలితో తడుము, అంచు చుట్టూ తిప్పు, చెవి దగ్గర ఊపి చూడు. అది నువ్వు చూసినట్టే. గురువారం దాకా ఒంటి చెవికే పెట్టుకుని తిరుగు, షెడ్డులో వాళ్ళు నవ్వితే నవ్వనీ.

రెండోది నేనే తెచ్చి పెడతాను.

నీ
వెన్నెల