గట్టు మీద మైకు

అన్నా,

యువజన సంఘం పిల్లల ఆటసామాన్ల కోసం నువ్వు మొదలుపెట్టిన గాలాల పోటీ, నువ్వు పోయాక మొదటిసారి, ఈ రోజు ధర్మసాగర్ చెరువు దగ్గర నీ పేరు మీద జరిగింది. గట్టు మీద ఎవరైనా దగ్గినా కసిరేవాడివి నువ్వు. అదే గట్టు మీద మైకు పెట్టారు. పొద్దుటి నుంచీ నిన్ను పొగడటమే. ఒక్క చేపా గాలానికి రాలేదు.

"జర మైకు బంద్ చెయ్యుండ్రి, చేపలు బెదురుతానయ్" అన్నాను.

"మీ అన్న గురించే చెప్తానం గద తమ్మీ" అన్నాడు సంఘం అధ్యక్షుడు.

చివరికి నీకోసం రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. సరిగ్గా అప్పుడే నా గాలం బెండు మునిగింది. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. నేనూ చేతులు కట్టుకుని, చేప గాలాన్ని లాక్కుపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

నువ్వైతే నా వీపు మీద ఒక్కటిచ్చి, "గుంజురా" అనేవాడివి.