నీడ అంచున నీళ్ళ గీత

మార్చి 11

పావని ఇవాళ గీసింది! పెన్సిల్‌తో కాదు, నీళ్ళతో.

వాకిట్లో షాబాద్ బండల మీద, మగ్గులో వేలు ముంచి ముంచి... ఇంత పొడుగు గీత. నేను జాకెట్టుకి హుక్కులు కుడుతూ చూస్తున్నాను. ఎండకి ఒక చివర ఆరిపోతుంటే ఇంకో చివర పెరుగుతోంది. పెన్సిల్ చేతికిస్తే కొరికి పారేసే పిల్ల నా కూతురు. ఆరేళ్ళొచ్చినా మాట లేదు, మన ముఖం వంక చూడదు. డాక్టర్ ఆటిజం అన్నప్పటి నుంచి దాని వేళ్ళ వంకే చూస్తూ ఉన్నాను, అవైనా ఏదో ఒకటి చెప్పకపోతాయా అని.

సూది గుచ్చుకుంది. ఎప్పుడు గుచ్చుకుందో కూడా తెలియలేదు.

మార్చి 12

మళ్ళీ. అదే చోట.

మార్చి 14

ఆయనకు చెప్పాను. బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో పొద్దంతా నిలబడి వస్తాడు, పాపం, కాళ్ళు వాచి ఉంటాయి. "నీళ్ళతోటి గీసుడేందే? ఆడుకుంటుంది పిల్ల" అన్నాడు. చూపిద్దామంటే ఏముంది... పొడి బండ.

మార్చి 15

డ్రాయింగ్ బుక్కు, రంగుల డబ్బా తెచ్చాడు. "కాగితం మీద గీస్తే గదా బడిల టీచరమ్మ నమ్ముతది." టీచర్ మాట ఉత్త సాకే. నమ్మాలని ఉన్నది ఆయనకు.

పావని రంగులన్నీ వాసన చూసింది. పొడుగు నుంచి పొట్టికి వరుసగా పేర్చింది. మగ్గు దగ్గరికి వెళ్ళిపోయింది.

మార్చి 18

ఫోటో తీశాను. ఫోన్లో తడి బండ తప్ప ఏమీ లేదు. ఒక్క గీత... ఒక్కటైనా నాకు మిగలాలి.

మార్చి 19

పాడు చేశాను.

గీత ఆరిపోతుంటే ప్రాణం ఆగలేదు. చేతిలో బట్ట మీద గుర్తులు పెట్టే సుద్ద ఉంది. గీత కనిపిస్తే దాని మీద సుద్ద నడపడం ఈ చేతికి ఏళ్ళ తరబడి అలవాటు, లేకపోతే కత్తెర దారి తప్పుతుంది. పిల్ల నీళ్ళ గీతను తెల్లగా దిద్దుకుంటూ పోయాను, ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోతూ. పావని కాసేపు చూసింది. తర్వాత అరుపు... చెవులు మూసుకుని, తల గోడకేసి కొట్టుకుంటూ. గోడకూ తలకూ మధ్య నా అరచెయ్యి పెట్టాను.

మేడ మీద ఉండే రజియా ఖాలా, నాకు పిన్నిలాంటిది, చెప్పుల్లేకుండా దిగొచ్చింది. "ఏమైంది బేటీ, పడ్డదా ఏంది?"

గుప్పిట్లోని సుద్ద ముక్క చూపించాను.

మార్చి 20

మగ్గు ముట్టుకోలేదు.

మార్చి 23

ఇంకా లేదు. సుద్ద కడిగేశాను, కానీ బండ గరుకులో తెలుపు ఇరుక్కుపోయింది. చింతపండేసి రుద్దాను, బ్రష్‌తో రుద్దాను. ఒక్క గీత మిగుల్చుకుందామని ఉన్నవన్నీ పోగొట్టుకున్నాను. నా తెలివి మండ!

మార్చి 26

అర్థమైంది. అయిందనుకుంటున్నాను.

మధ్యాహ్నం ఖాలా దండెం మీద దుపట్టాలు ఆరేసి వెళ్ళింది. పావని వచ్చి కింద పడిన నీడ పక్కన కూర్చుంది. పొడి వేలితో నీడ అంచు వెంట... మెల్లగా... ఈ కొస నుంచి ఆ కొసకి. నీడ జరిగింది, తనూ జరిగింది.

ఇన్నాళ్ళూ గీసింది దండెం మీది బట్టల నీడనే! గీత ఆరేలోపు నీడ కాస్త జరుగుతుంది, పిల్ల మళ్ళీ గీస్తుంది. నా సుద్ద గీత మాత్రం నీడ వెళ్ళిపోయిన చోటే నిలబడిపోయింది. తప్పుగా. చెరగకుండా.

మగ్గు నింపి పక్కన పెట్టాను. లోపలికి వచ్చేసి, చూడకుండా ఉండటానికి కుట్టు మిషన్ తొక్కుతూ కూర్చున్నాను.

మార్చి 27

గీసింది! గీసింది!

ఖాలాకు చెబితే నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయితే ఎండినా తియ్య. పిల్ల పని అయినంక తీసుకుంట. నాకేం జల్దీ ఉంది?"

మార్చి 29, ఆదివారం

ఆయన గుమ్మంలో టీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గొంతుక్కూర్చున్నాడు. "గాలొచ్చి దుపట్టా ఊగితే ఎట్ల గీస్తది?" అని నా చెవిలో.

గాలి వచ్చింది. నీడంతా అల్లల్లాడింది. పావని వేలు పైకెత్తి పట్టుకుంది, గాలి ఆగేదాకా. మళ్ళీ మొదలుపెట్టింది.

టీ చల్లారిపోయింది. ఆయన తాగనే లేదు.

ఏప్రిల్ 2

గల్లీ అంతా నిద్ర. పావురాల నీడలు బండల మీద నుంచి పోతున్నాయి. పిల్ల వాటిని పట్టించుకోదు. నేను గోడకానుకుని కునుకు... వాకిలంతా నీళ్ళయినట్టు, అందులో నా కత్తెర తేలుతున్నట్టు. లేచి చూస్తే గీత లేదు, నీడ లేదు, పిల్ల నా కాళ్ళ దగ్గర నిద్రపోతోంది. ఎంత హాయిగా ఉందో!

ఏప్రిల్ 7

ఇవాళ దండెం మీద ఏమీ లేదు. గుమ్మం ముందు ఎండలో కూర్చుని జాకెట్టు చేతులు కత్తిరిస్తున్నాను. పావని మగ్గు తెచ్చుకుంది. నా పక్కనే... నా నీడ దగ్గర. మోకాలి నుంచి మొదలుపెట్టింది.

కుక్కర్ కూత. గేటు దగ్గర ఎవరో "జాకెట్ అయిందా అక్కా?" పలకలేదు. ఊపిరి కూడా మెల్లగా. నడుము... మోచెయ్యి... భుజం. అక్కడ తలెత్తి నా భుజం చూసింది. నిజం భుజం! ఇంకొంచెం పైకి చూడు తల్లీ, ఇంకొంచెం. మెడ దాకా వచ్చింది.

మబ్బు కమ్మింది. నీడ పోయింది. వేలు కాసేపు అలాగే పట్టుకుని, లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన వస్తూనే, "ఇయ్యాల ఏం గీసింది?"

"నన్ను."

చెప్పులు విడవబోయినవాడు ఆగాడు. "ముఖం గూడ గీసిందా?"

"మెడ దాకే. మబ్బొచ్చింది."

ఫోన్ తీసి రేపటి వాతావరణం చూశాడు. రేపూ మబ్బే చూపిస్తోంది. "గీ ఫోన్లకేం తెలుసు" అని మంచం మీద పడేసి, వాకిట్లోకి పోయి తల పైకెత్తి నిలబడ్డాడు.

ఇంకా లోపలికి రాలేదు.