తేరుకోని సీసాలు

క్యారీ, 2011
మంగళవారం రాత్రి

బీరు పులియడానికి వేసిన ఈస్ట్ ఎందుకు అడుక్కి దిగడం లేదో ఇవాళ తెలిసింది. నేను కాచి గరాజ్‌లో పెట్టిన బీరు, వారాలు గడిచినా, గ్లాసులో పోస్తే బియ్యం కడిగిన నీళ్ళలాగే ఉంటోంది. చల్లదనం చాలలేదేమోనని కొన్ని సీసాలు ఫ్రిజ్‌లోకి మార్చాను. ఈస్ట్ ప్యాకెట్‌ని తిట్టుకున్నాను. సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చి గరాజ్ తలుపు తీసేసరికి, అత్తయ్య ఒక్కో సీసానీ తలకిందులు చేసి కుదుపుతున్నారు.

"అడుగున మడ్డి పేరుకుంటోందమ్మా. ఆవకాయైనా మూడోనాడు తిరగ కలపకపోతే బూజు పడుతుంది కదా! రోజూ నేనే కలుపుతున్నా."

ఆవిడ విమానం దిగి మా ఇంటికి వచ్చిన రోజున అది అల్లం సోడా అని చెప్పింది నేనే. ఇప్పుడు నిజం ఏ మొహంతో చెప్పను? "కదపకుండా ఉంచితే దానంతటదే తేరుకుంటుంది అత్తయ్యా" అని మాత్రం అన్నాను.

"అలాగా! అయితే ఇక ముట్టుకోను. తేటగా తేరితే ఆదివారం వ్రతానికి వచ్చేవాళ్ళకి తలో గ్లాసూ ఇద్దాం. ఇంత మడ్డిగా ఉంటే ఎలా ఇస్తాం?"

మా ఆయనకి చెబితే పడీ పడీ నవ్వాడు. "నీ సోడా, మా అమ్మ. నన్ను ఇన్వాల్వ్ చేయకు."

ఆవిడ అన్న మాట తప్పరు. ఆదివారానికి సీసాలన్నీ తేరుకుంటాయి. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నదీ అదే.

ఇందాక గరాజ్‌లోకి వెళ్ళి, ఒక సీసా తీసి నేనే గట్టిగా కుదిపాను. తర్వాత మిగతావన్నీ.