ఎడంచేతి అర్జీ

ఆత్మకూరు, 8-2-1954

నాయనకు కామయ్య నమస్కారం. చెయ్యి తెగినచోట పుండు పూర్తిగా మానింది, దిగులుపడవద్దు.

తప్పు నాదేనని వేలిముద్ర వెయ్యమన్నాడు వేరుశనగ మిల్లు షావుకారు. వెయ్యలేదు. నష్టపరిహారం అర్జీ సొంతంగా రాసుకుని, క్యాంపుకొచ్చిన లేబర్ ఆఫీసరుకు అందించాను. “ఆఫీసరుకు ఎడంచేత్తో ఇస్తావేందిరా?” అని గుమాస్తా కసిరాడు. “కుడిచెయ్యి మిల్లు బెల్టులో పోయినాది సార్. ఈ కాయితం దానికోసమే” అన్నాను. ఆఫీసరు గుమాస్తాను లేపి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, అర్జీ అంతా చదివాడు. షావుకారుకు నోటీసు పోయింది.

బొల్లి గొర్రె ఈనిందా? నా వైద్యానికని దాన్ని ఉదయగిరి సంతలో అమ్మవద్దు.

అవ్వకు దండాలు. చిన్నప్పుడు నేను ఎడంచెయ్యి చాపితే ఆమె చురక పెట్టేది. ఈ కార్డంతా ఆ చేత్తోనే రాశానని చెప్పండి.