రెండు చేతులకూ తాయెత్తు

అత్తమ్మా,

దండాలు. నువ్వు పోయి రెండు ఎండకాలాలు దాటినయి. అక్కడ ఎట్లున్నవో... మోకాళ్ళ నొప్పులు తగ్గినయా? ఇక్కడ మేమందరం బాగానే ఉన్నం.

బాగానే ఉన్నమని రాసిన గాని, ఒక ముచ్చట లోపల్నే నలుగుతున్నది. పొద్దున దీపం పెట్టేటప్పుడు నీతో చెప్పుకుందామని చూస్త. అంతల కోడలు వస్తది, పాలాయన పిలుస్తడు, గొంతు దాకా వచ్చిన మాట మళ్ళ లోపలికే పోతది. మా చెల్లెకు చెప్పుకుందామంటే, దానికి చెప్తే సంగారెడ్డి బస్టాండుల నిలబడి చెప్పినట్టే. ఇగ నీకు గాక ఎవరికి చెప్పుకోవాలె? అందుకే ఇయ్యాల కలం పట్టిన. బడి ఇడిచినంక ఇంత పెద్దగ రాయబోతున్నది ఇదే. తప్పులుంటే మనసుల పెట్టుకోకు.

నిన్ను పెద్దలల్ల కలిపినంక వచ్చిన మొదటి పెత్రమాస, పెద్దల అమాస, పోయిన నెలనే అయ్యింది. పొద్దుగాలనే నీ పేరు మీద, మామ పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చి వచ్చినం. ఇంట్ల నీకిష్టమని బొబ్బర గారెలు చేసిన. పచ్చిపులుసు చేసిన. నీ ఫోటో ముందట విస్తరి వేసి అన్నీ వడ్డించిన. నీ మనుమడు రమేశ్ దీపం ముట్టించాలె, ఆనక మేము మొక్కి తినాలె. అగరుబత్తులు తెద్దామని నేను ఇట్ల లోపలికి పోయిన్నో లేదో, సిరి వచ్చి నీ విస్తరిలకెల్లి ఒక గారె తీసుకొని కొరికింది.

సిరి యాదికున్నది గదా... రమేశ్ బిడ్డ, నీ కొంగు పట్టుకొని ఇల్లంత తిరిగిన పిల్ల. ఇప్పుడు పటాన్‌చెరుల ఇంగ్లీషు బడికి పోతున్నది. పొడుగైంది. ముందటి పన్ను ఊడింది.

పెద్దలకు పెట్టినదాన్ని ఎంగిలి చేస్తవా అని రమేశ్ పిల్ల స్కేలు తీసుకొని అరచేతుల మీద కొట్టిండు. చేతులు వెనకకు దాచుకుంటే వీపు మీద కొట్టిండు. పిల్ల ఏడుస్తలేదు అత్తమ్మా. నోట్ల గారె నోట్లనే ఉన్నది. మింగాలెనో, ఊంచాలెనో దానికి తెలుస్తలేదు.

నీ పేరు మీద కొట్టిండు... నీ పేరు మీద!

సత్యనారాయణ వ్రతం నాడు ప్రసాదం గిన్నెల చెయ్యి పెట్టిండని నేను రమేశ్‌ను కసిరితే నువ్వేమన్నవు? "పిల్లగాడు తిన్నంక మిగిలిందే నైవేద్యం. దేవుడు గంత ఆకలితోని ఉన్నడానె?" అన్నవు. గా రమేశే ఇప్పుడు నీ విస్తరికి కావలి కాసిండు.

ఇది ఆ ఒక్కనాటి కోపమైతే నేను ఇంత బాధ పడకపోదును. పిల్లను బడిల వేసిననాటి సంది ఇదే నడుస్తున్నది. అక్షరం వంకర పోతే ఒకటి, పలకకపోతే ఒకటి. బడిల వేసేనాడు టీచరమ్మతోని, తోలు మీది, బొక్కలు మావి, ఎంతన్న కొట్టున్రి అని చెప్పి వచ్చిండట. కోడలు లత వచ్చి చెప్పింది. నీ కొడుకును, మా ఆయనను, బడిల వేసేనాడు మామ అన్న మాట అదే. రమేశ్‌ను వేసేనాడు నీ కొడుకు అన్న మాటా అదే. ఆ ముచ్చట ఊరికొచ్చి చెప్పినప్పుడు నువ్వు వాకిట్ల కూసొని చాట చెరుగుతున్నవు. తలెత్తకుండనే అడిగినవు. "తోలు పంతులుది, బొక్కలు నీయి. మరి పానం ఎవలది రా?"



కాజీపల్లిల కిరాయి రూముల ఉన్న రోజులు యాదికొస్తున్నయి. ఆయన గడ్డపోతారం మందుల కంపెనీల టెంపరరీ. పొద్దంత సూపర్వైజరు తిట్లు, ఇంటికొస్తే బట్టల నిండ ఆ ఘాటు వాసన. సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినవడితే చాలు, రమేశ్ నీళ్ళ గోలెం వెనక నక్కేది. ఏదో ఒక తప్పు దొరకకపోవునా... చింత బరిగె చూరుల ఎప్పుడు సిద్ధంగనే ఉండేది. నేను అడ్డం పోతే నన్ను నూకేసి మరీ కొట్టేది.

కొండాపూర్ దిక్కు మన ఊర్లె పొలం పనులు అయిపోయినంక నువ్వు మా దగ్గరికి వచ్చినవు. వచ్చిన తెల్లారే రమేశ్‌కు తానం పోస్తుంటె పిక్కల మీద వాతలు చూసినవు. నువ్వుల నూనె వెచ్చబెట్టి రాసినవు. రాసుకుంట రాసుకుంట నాతోని అన్న మాట ఇప్పటికీ మరువలేదు. "ఈ దెబ్బలు నాకెరికే పిల్లా. ఇవి నీ మొగనివి గావు. మీ మామవి."

అప్పుడు చెప్పినవు. ఎడ్లు పక్కోళ్ళ జొన్న చేన్ల పడ్డయని, నీ కొడుకును మామ కొట్టంల గుంజకు కట్టేసి కొట్టిన సంగతి. నువ్వు వడ్ల గుమ్మి వెనక నిలబడి కొంగు నోట్ల కుక్కుకున్న సంగతి. "నా కొడుకును నేను కాపాడుకోలేకపోయిన. వాని కొడుకునన్న కాపాడనియ్యి" అన్నవు. నేనేదో అడ్డం చెప్పినట్టు నన్ను బతిమిలాడినవు...

ఆ బేస్తవారం, జుమ్మేరాత్ నాడు నువ్వు చేసిన పని తలుచుకుంటె ఇప్పటికీ నవ్వొస్తది. నీ కొడుకును ఎంటబెట్టుకొని దర్గాకు పోయినవు. కంపెనీల పర్మినెంట్ కావాలెనని తాయెత్తు కట్టిపిచ్చినవు. ముజావర్ సాయబు దువా చదివి కట్టిండు, అంతే. మిగిలిన మంత్రమంత ఇంటి వాకిట్లకు వచ్చినంక నువ్వు చెప్పిందే. "ఈ చెయ్యి పిల్లల మీద లేస్తే తాయెత్తు మహిమ పోతది బిడ్డా, ఇగ నీ ఇష్టం" అన్నవు. అంతల ఏదో యాదికొచ్చినట్టు నిలబడి, మళ్ళ ఆయనను వెనుకకు తోలుకపోయినవు. ఎందుకత్తమ్మా అంటే, "ఎడమ చెయ్యి మర్చిపోయిన. వాడు దానితోని కొట్టడానె?" అన్నవు.

రెండు చేతులకు తాయెత్తులతోని డ్యూటీకి పోతే, బీహార్ నుంచి వచ్చిన తోటోళ్ళు దుల్హా ఆయా, పెండ్లికొడుకు వచ్చిండు అని ఎగతాళి చేసిన్రట. ఆయన ఊకున్నడు గాని విప్పలే. పర్మినెంట్ అంటే ఆయనకు గంత ఆశ.

దేవుని పేరు చెప్పి అబద్ధమాడినమని నాకు భయమేసింది. రోజూ దీపం పెట్టి లెంపలేసుకున్న. నువ్వు మాత్రం, "అబద్ధం గాదు, మొక్కు. తీర్చేటోడు తీరుస్తడు" అన్నవు. తీర్చిండు. నడుమల ఎన్నిసార్లో చెయ్యి లేసింది, తాయెత్తు కనవడ్డది, దిగింది. పర్మినెంట్ అయ్యింది. ఆనక గూడ ఆ చెయ్యి లేవలే. ఎందుకు లేవలేదో నువ్వెన్నడన్న అడిగినవా? నేను అడగలే. అడిగితే ఎక్కడ మళ్ళ మొదలైతదో అని...

ఇప్పుడు పెత్రమాస కాడికి వస్త.

పిల్ల గట్ల నిలబడి ఉంటే నీ కొడుకు కుర్చీలకెల్లి లేసిండు. రమేశ్ మీదికి పోతడనుకున్న. పోలే. పిల్ల ముందట కింద కూసున్నడు. అరచెయ్యి దాని నోటి కింద పట్టి, ఊంచితే ఊంచు, మింగితే మింగు, నీ ఇష్టం బిడ్డా అన్నడు. పిల్ల మింగింది. అప్పుడు నీ విస్తరిలకెల్లి ఇంకో గారె తీసి దాని చేతిల పెట్టిండు. ఒకటి తను తీసుకొని కొరికిండు. దీపం లేదు, మొక్కు లేదు... నేను నోటి మీద చెయ్యి పెట్టుకున్న. నీకు కోపమొచ్చిందా అత్తమ్మా? రాలేదనే అనుకుంటున్న.

రమేశ్‌కు మాత్రం కోపమొచ్చింది. పెండ్లయి బిడ్డ తండ్రి అయినోడు, చిన్నపిల్లగాని లెక్క మాట్లాడిండు. నన్ను వాతలు తేలేటట్టు కొట్టినవు, ఇయ్యాల నాకు బుద్ధి చెప్తున్నవా అన్నడు. నువ్వు కొట్టుడు బంద్ చేసింది నా కోసం గాదు, నౌకరి కోసం, నాకు తెల్వదనుకున్నవా అన్నడు. అత్తమ్మా, నువ్వు మంత్రం చెప్పిన నాడు వాడు గోలెం వెనకనే ఉన్నడట. అంత విన్నడట. ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్నడు. నౌకరి కోసం కొట్టుడు ఆపిన నాయిన అని...

నీ కొడుకు సంగతి నీకు తెలుసు గదా, నాలుగు మాటలు ఒక్కసారి మాట్లాడే మనిషి గాదు. ఆనాడు మాట్లాడిండు.

పర్మినెంట్ అయినంక ఆ తాయెత్తుల దారాలు కంపెనీల మందునీళ్ళకు నాని వాటంతట అవే తెగిపోయినయట. ఉత్త చేతులతోని ఇంటికొచ్చి సైకిల్ స్టాండు వేసిండట. అంతకుముందైతే చప్పుడుకే దాక్కునేటోడివి, ఆనాడు నువ్వు ఉరికి వచ్చి, నాయినా నన్నొక చుట్టు తిప్పు అని సైకిల్ పట్టుకున్నవు అని రమేశ్‌తోని చెప్పిండు. నౌకరి కోసమే ఆపిన, అది నిజమే. గాని ఆనాటి సంది నువ్వు మళ్ళ దాక్కుంటవేమో అని ఆపిన అన్నడు.

ఇంకో మాట గూడ అన్నడు. రాయాలెనా వద్దా అని ఆలోచిస్తున్న. నీకు గాక ఎవరికి రాస్త... మామ పోయిన నాడు, శవాన్ని వాకిట్ల పండవెట్టినప్పుడు, దగ్గరికి పోయి కాళ్ళు మొక్కమంటె నీ కొడుకుకు కాళ్ళు వణికినయట. పానం లేని మనిషిని చూసి గూడ భయపడ్డ, నా బిడ్డ నన్ను గట్ల సాగనంపొద్దు, నీ బిడ్డ నిన్ను గట్ల సాగనంపొద్దు అన్నడు.

ఇన్నేండ్ల కాపురంల నాతోని ఎన్నడూ అనలే అత్తమ్మా. నీతోనన్న అన్నడా?

రమేశ్ చెప్పులు వేసుకొని గల్లీలకు పోయి, లైటు స్తంభం కాడ నిలబడ్డడు. వచ్చి, దీపం ముట్టించిండు. సగం ఖాళీ అయిన విస్తరికే మొక్కినం. వాడు తింటుంటె పెరుగు వడ్డించబోయిన, చెయ్యి అడ్డం పెట్టిండు. కండ్లు ఎర్రగున్నయి.

అంతటితోని అన్నీ బాగైనయని రాస్తే నీకు అబద్ధం చెప్పినట్టు. వాడు ఇంకా అరుస్తడు. ఒకనాడు చెయ్యి లేపిండు గూడ. లేపి, అట్లనే బయటికి పోయి నల్లా కింద ముఖం పెట్టిండు. నేను కిటికీలకెల్లి చూసిన, పిలవలే. కాని ఆ వారంలనే మొదటి షిఫ్టు దిగి, అన్నం గూడ తినకుండ బడికి పోయి వచ్చిండు. టీచరమ్మా, నేను అప్పుడు చెప్పింది తప్పు, నా బిడ్డ మీద చెయ్యి వేయకున్రి అన్నడట. లత చెప్పింది. టీచరమ్మ నవ్విందట, అందరు కొట్టుమంటరు, మీరొక్కరే వద్దంటున్నరు అని. వాడు నవ్వలేదట.

సిరి ఇంకా తండ్రి దగ్గరికి పోతలేదు. పెద్దోళ్ళకు బుద్ధి ఒక్కనాడు వస్తది గాని, పిల్లల భయం ఒక్కనాడు పోతదా? మొన్న మాత్రం వాడు చాప మీద కూసొని పేపరు చదువుతుంటె, అది పలక తెచ్చుకొని ఆ చాప మీదనే గా చివరకు కూసున్నది. వాడు కదలలే. కదిలితే లేసిపోతదేమోనని పేజీ గూడ తిప్పలే. లత, నేను వంటింట్లకెల్లి చూసుకుంట పప్పు మాడవెట్టినం.

నేను వాన్ని ఏమీ అనను అత్తమ్మా. పిల్ల మీద చెయ్యి లేస్తే మాత్రం నడుమల నిలబడుత. నా మెత్తటి గొంతు నీకు తెలుసు గదా, అరవరాదు. నిలబడుటకు అరవనక్కర లేదు.

మామ మీద నాకు కోపం రావాలె. వస్తలేదు. ఆయనను ఎవరు కొట్టిన్రో, ఏ గుంజకు కట్టేసిన్రో మనకేం తెలుసు... చెప్పుకునేటందుకు ఆయనకు ఎవరన్న ఉండిన్రా?

చేయి నొస్తున్నది, ఇగ ఆపుత. ఈ కాగితాలు మడిచి నీ ఇత్తడి డబ్బల పెడుతున్న. నీ దగ్గరనే ఉంచుకో. ఎవ్వరికీ చూపకు. నీకు చదువు రాదు, మామకు వచ్చు, అదే నా పరేషాన్. ఏం రాసింది కోడలు అని ఆయన అడిగితే, అందరు మంచిగున్నరట అని చెప్పు. చదివించుకోకు.

నేను వచ్చినప్పుడు పక్కన కూసొని మొత్తం చదివి వినిపిస్త.

నీ కోడలు