సున్నా సార్లు

అమ్మకు,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ మేమందరం కులాసాగానే ఉన్నాం. నీ గురించే దిగులు.

ముందు నువ్వడిగినవి చెప్పేస్తాను. మీ అల్లుడి మోకాలు నొప్పి తగ్గింది. మెట్లు బాగానే ఎక్కుతున్నారు, కూరగాయల సంచీ కనిపిస్తే మాత్రం మళ్ళీ కుంటుతున్నారు. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. దాన్ని జేబులో వేసుకుని క్లాసులో అందరికీ చూపించి వచ్చింది.

ఇంకా ఆ బేసిక్‌తోనే కుస్తీ పడుతున్నావా అన్నావు. పడుతున్నాను. బేసిక్ అనే పాత కంప్యూటర్ భాషలో మనం రాసిన ప్రోగ్రాముని ఒక్కో వరసా చదివి చేసిపెట్టే ఇంటర్‌ప్రెటర్‌ని ఎవరూ అడక్కుండా తయారుచేయడం, దాన్ని రోజూ చెక్కుతూ కూర్చోవడం ఏం సరదా అని మీ అల్లుడి ఎగతాళి. "జీతం లేదు, సెలవు లేదు, పైగా దాంతో తిట్లు" అంటారు. తప్పు ఏ వరసలో ఉందో చెప్పడం ఈమధ్యే దానికి నేర్పాను. ఇదివరకు తప్పు అని ముఖం తిప్పుకునేది. దాన్ని వాడే గుప్పెడు మందిలో నువ్వొకదానివి. రిటైరయ్యాక వీధి లైబ్రరీ నెత్తికెత్తుకుని, దానికి నా బేసిక్‌లో సొంతంగా ప్రోగ్రాం రాసుకున్నావని, ఇలాంటివి సరదాకి తయారుచేసే మా బృందంలో ఎంత గొప్పలు పోయానో.

ఆ లైబ్రరీ బీరువాల తాళాలు పిన్నికి ఇచ్చేశానని రాశావు. వచ్చే వారం మతిమరుపుకి చూసే డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని, అమ్మమ్మకీ ఇలాగే మొదలైందని, నన్ను కంగారుపడొద్దని రాశావు.

అమ్మా, నీ బుర్రకి ఏమీ కాలేదు. తప్పు నా బేసిక్‌ది.

నీ ప్రోగ్రాం ఒక్కో సభ్యుడి దగ్గర ఎన్ని పుస్తకాలుంటే అన్నిసార్లు లూపులో తిరిగి, వాటిని వెనక్కిమ్మనే చీటీలు అచ్చువేయాలి. సున్నా అయితే అసలు తిరగకూడదు. నా బేసిక్ ముందు ఒకసారి పని చేసేసి, ఆ తర్వాత లెక్క చూసుకునేది. అందుకే ఒక్క పుస్తకమూ తీసుకోని మందుల షాపాయనకి చీటీ వెళ్ళింది. ఆయన లైబ్రరీకి వచ్చి, "నేనేమైనా దొంగనా? మీకు మతి ఉండే ఇస్తున్నారా ఇవి?" అని అందరి ముందూ అరిస్తే, నువ్వు క్షమాపణ చెప్పుకున్నావు.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశావు. "సున్నా అంటే అసలు చేయకూడదు కదే, ఇది ఒకసారి చేస్తోందేమో చూడు" అన్నావు. నేను తెరిచి కూడా చూడలేదు. "వాడేవాళ్ళు ఇంకెవరూ ఇలా అనలేదమ్మా, నువ్వే ఎక్కడో తప్పు కొట్టుంటావు" అన్నాను. "అంతేనేమోలే" అన్నావు.

తర్వాత తీరిగ్గా చూస్తే నువ్వన్నదే నిజం. గుట్టుచప్పుడు కాకుండా సరిచేశాను. నా లూపుల్లో తప్పు చూపించండి చూద్దామని బృందంలో సవాలు చేసి ఉన్నాను, ఆ నోటితోనే ఎలా చెప్పను అనిపించింది. కొత్తది నీ కంప్యూటర్‌లోకి తనంతట తానే ఎక్కేలా ఎప్పుడో పెట్టాను కాబట్టి గొడవ తీరిపోయిందనుకున్నాను. నిన్న తప్పు చెప్పిన ప్రోగ్రాం, నువ్వు ఒక్క అక్షరం ముట్టుకోకుండానే ఇవాళ ఒప్పు చెబితే నీకెలా ఉంటుందో నాకు తట్టలేదు. ఆ చీటీ ప్రోగ్రాంలోంచి అసలు వచ్చిందా, నేనే ఏదో తప్పు కొట్టి మర్చిపోయానా అని రాశావు. వచ్చిందమ్మా. నా పరువు కోసం నీ మతిని నువ్వే అనుమానించుకునేలా చేశాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఫోన్‌లో చెబుదామని నీ నంబరు నొక్కడం, నువ్వు ఎత్తేలోపే పెట్టేయడం, నిన్నంతా ఇదే పని.

ఇవాళ బృందానికి జరిగిందంతా రాశాను, తప్పు పట్టుకున్నది మా అమ్మ అని కూడా. షాపాయనకి వేరే ఉత్తరం వేశాను. డాక్టరు దగ్గరికి వెళ్ళడం, మానడం నీ ఇష్టం, నా మూలంగా మాత్రం వెళ్ళకు.

ఈ కవరులో ఒక పెన్‌డ్రైవ్ ఉంది. అందులో నా పాత ఇంటర్‌ప్రెటర్‌ని ఆ తప్పుతో సహా అలాగే పెట్టాను. నీ ప్రోగ్రాంని దాంట్లో నడిపి చూడు, షాపాయన చీటీ మళ్ళీ వస్తుంది. నా మాట నమ్మమని అడిగే ముఖం నాకు లేదు. నీ కళ్ళని నువ్వు నమ్ము, చాలు.

ఇట్లు,
నువ్వు చెబితే వినని
నీ పెద్దమ్మాయి